వ్యాను వెనక్కి తిరిగొచ్చిన రోజు

మొన్నామధ్య ఒక పారామెడికల్ కాలేజీవాళ్ళు పిలిస్తే వెళ్ళి, ఊపిరితిత్తుల పరీక్ష ఎలా చేయాలో పిల్లలకి చూపించి వచ్చాను. రిటైరైనవాళ్ళని ఇలా పిలిచి ఒక శాలువా కప్పి పంపించడం ఇప్పుడు అలవాటైపోయింది. చివర్లో ఒకమ్మాయి లేచి, "మేడమ్, మీ సర్వీసులో మీరు బాగా షాకైన రోజు గురించి చెప్పండి" అంది. కరెంటు పోయి లిఫ్టులో ఇరుక్కున్న కథ ఒకటి చెప్పి, అందరినీ నవ్వించి తప్పించుకున్నాను. అసలు సంగతి నిలబడి మైకులో చెప్పేది కాదు. కానీ ఆ పిల్ల నిజంగా తెలుసుకోవాలని అడిగింది. అందుకని ఇది రాస్తున్నాను. పేర్లు రాయను. ఇందులోవాళ్ళలో కొందరు ఇప్పుడు లేరు. ఉన్నవాళ్ళకి ఇష్టముండకపోవచ్చు.

తొంభైల చివర్లో నేను గుంటూరులో ఒక ధర్మాసుపత్రి ల్యాబులో టెక్నీషియన్ని. మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మా అమ్మ మిరపకాయల కాలంలో తొడిమలు తీయడానికి వెళ్ళేది. సాయంత్రం వచ్చి చీర దులుపుకుంటే ఇంట్లో అందరం వరసగా తుమ్మేవాళ్ళం. నా చదువుకి మా చర్చివాళ్ళు ఫీజు కట్టారు. అంటే నేనూ నలుగురు ఇచ్చిన సొమ్ముతో చదువుకున్నదాన్నే. అందుకే దానం అనే మాట వింటే నాకు కొంచెం బెరుకు, కొంచెం మర్యాద, రెండూ కలుగుతాయి.

మా ఆసుపత్రికి దాతలు తక్కువేం కాదు. మంచాలిచ్చారు, కుర్చీలిచ్చారు. ఫ్యాను రెక్కల మీద కూడా పేరు రాయించుకున్నారు. ఫ్యాను ఆగితే తప్ప ఆ పేరెవరిదో తెలిసేది కాదు. ఒకరోజు మిర్చి కమీషన్ వ్యాపారం చేసే పెద్దాయన ఒకాయన మా సూపరింటెండెంటుగారి గదికి వచ్చారు. నేను రిపోర్టులివ్వడానికి వెళ్ళి అక్కడే ఉన్నాను. ఆయన భార్య ఏళ్ళ తరబడి ఆయాసంతో బాధపడి మా ఆసుపత్రిలోనే పోయింది. పెద్దకర్మ అయిపోగానే వచ్చారు. సూపరింటెండెంటుగారు అప్పటికే ఒక వార్డు ప్లాను గీయించి బల్లమీద పరిచి ఉంచారు.

"అమ్మగారి పేరు గుమ్మం మీద పాలరాతిలో చెక్కిస్తామండీ" అన్నారు.

పెద్దాయన ఆ కాగితం వంక చూడనుకూడా లేదు. "గోడలొద్దండీ. మా ఆవిడకొచ్చిన జబ్బేమిటో ఇంతమంది డాక్టర్లలో ఒక్కరూ చెప్పలేకపోయారు. ఒకాయన ఉబ్బసం అన్నాడు. ఒకాయన గుండె అన్నాడు. ఇంకొకాయన టీబీ మందులు మింగించాడు. అదేమిటో కనిపెట్టే మనిషిని పెట్టండి. ఆ మనిషికి జీతం నేనిస్తా. ఎన్నాళ్ళు పడితే అన్నాళ్ళు."

సూపరింటెండెంటుగారు ప్లాను మెల్లగా చుట్టేశారు. మనిషికి జీతమిస్తానన్న దాతని ఆయన సర్వీసులో చూడలేదట. నేనైతే విననైనా లేదు. ఇప్పుడు మీకు ఫెలోషిప్పులూ గ్రాంట్లూ అని రకరకాలున్నాయి. అప్పట్లో మా ఊళ్ళో పరిశోధన అంటే ఎవరికీ పట్టని మాట.

అలా వచ్చింది మా డాక్టరమ్మ. ఆవిడ మందులిచ్చే డాక్టరు కాదు. ఊపిరి మీద పరిశోధన చేసి విశాఖలో డాక్టరేటు తెచ్చుకుంది. వాళ్ళది పర్చూరు. తండ్రి బడిపంతులు. ఇంత చదివీ ఎక్కడా ఉద్యోగం దొరక్క, గుంటూరులో ఎంసెట్ కోచింగ్ కాలేజీలో జువాలజీ చెప్పుకుంటోంది. "ఇంకో రెండేళ్ళు ఆ నోట్సే చెబితే నా రీసెర్చి నేనే మర్చిపోయేదాన్ని" అని చేరిన రోజున నాతో అంది. నన్ను ఆవిడకి సహాయంగా వేశారు. ఆవిడ చేయాల్సిన పని ఒకటే. మూసిన షెడ్లలో ఏళ్ళకేళ్ళు మిరపకాయల మధ్య కూర్చుని తొడిమలు తీసే ఆడవాళ్ళ ఊపిరితిత్తులు ఏమవుతున్నాయో తేల్చడం.

బొంబాయి నుంచి ఊదే మిషన్ వచ్చింది. ముక్కుకి క్లిప్పు పెట్టి, గొట్టంలోకి బలంగా ఊదితే ఊపిరి ఎంత జోరుగా, ఎంత వస్తుందో కాగితం మీద గీత గీసిస్తుంది. ప్రారంభోత్సవం పెట్టారు. బ్యానర్ రాసినవాడు 'దాతగారికి స్వాగతం' అని రాయాల్సింది 'తాతగారికి స్వాగతం' అని రాశాడు. సూపరింటెండెంటుగారి ముఖం మాడిపోయింది. పెద్దాయన మాత్రం పగలబడి నవ్వి, నవ్వలేక దగ్గి, "తప్పేముందిలెండి, నలుగురు మనవలకి తాతనేగా" అన్నారు.

కొబ్బరికాయ కొట్టారు. ఎవరితో మొదలుపెడదామా అని మేం అటూఇటూ చూస్తుంటే పెద్దాయన కండువా తీసి పక్కనున్న తమ్ముడి చేతికిచ్చి కూర్చున్నారు. "నేనూదుతా. నా డబ్బుతో కొన్న మిషను, బోణీ నాదే కావాలి."

అందరూ చప్పట్లు. నేను ముక్కుకి క్లిప్పు పెట్టాను. "బలంగా, ఆపకుండా ఊదండి" అన్నాను. ఊదారు.

ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ గీత చివాలున పైకి లేస్తుంది. ఆయన గీత పైకి లేవలేదు, కాగితం అడుగున పాకుతూ పోయింది. క్లిప్పు సరిగా పట్టలేదేమోనని మళ్ళీ ఊదించాను. అదే గీత. మూడోసారీ అదే. డాక్టరమ్మ నా భుజం మీదుగా చూస్తోంది. ఆవిడ వేళ్ళు నా చేతిని నొక్కేస్తున్నాయి. ఆ సంగతి ఆవిడకి తెలియదనుకుంటాను.

"ఏమ్మా, పాసా, ఫెయిలా?" అన్నారాయన, అందరూ వినేట్టుగా.

"ఇది ప్రాక్టీసేనండీ. అసలు పరీక్ష తర్వాత" అంది డాక్టరమ్మ. జనం నవ్వారు. లడ్డూలు పంచారు.

అందరూ వెళ్ళాక నేనే ఊదాను. నాది బాగానే లేచింది. అంబులెన్స్ డ్రైవర్ని పిలిచి ఊదించాం. వాడిది నాకన్నా బాగుంది. మిషన్లో ఏ లోపమూ లేదు. డాక్టరమ్మ ఆ కాగితం పట్టుకుని, "ఇంత ఊపిరితో ఈ మనిషి మేడ మెట్లెలా ఎక్కాడు? ఎలా నవ్వాడు?" అంది. ఆడకూలీల కోసం పెట్టిన పరీక్షలో మొదటి రోగి డబ్బిచ్చినాయనే అయ్యాడు.

మర్నాడు ఆయన రాలేదు, తమ్ముడుగారొచ్చారు. చదువుకున్నవాడు. వ్యాపారం లెక్కలూ, ఈ దానం తాలూకు వ్యవహారమూ ఆయనే చూసేవారు. చిన్నప్పుడే తల్లిదండ్రులు పోతే అన్నా వదినే పెంచారు. ఆ సంగతి ఊరందరికీ తెలుసు.

"నిన్న మీ ముఖాలు చూశాను మేడమ్. ఎలా ఉంది?"

డాక్టరమ్మ చెప్పింది. ఆయన లేచి తలుపు దగ్గరగా వేసి, గొంతు తగ్గించి అన్నారు. "మిషను కొత్తది, తప్పు చూపించిందని చెప్పండి. వదిన పోయిన దిగులు ఇంకా తీరలేదు. ఇది కూడా తెలిస్తే మనిషి దక్కడు. వైద్యం నేను చేయిస్తాను. ఆయనకి మాత్రం చెప్పొద్దు."

"ఊదినవాళ్ళకి వాళ్ళ సంగతి చెప్పకపోతే నేనెందుకండీ ఇక్కడ?"

"మీరిక్కడ ఉండేది ఆయన దయవల్ల. అది మర్చిపోకండి" అన్నారు. కోపంగా కాదు, బతిమాలుతున్నట్టే అన్నారు. అందుకే నాకింకా భయమేసింది.

ఆ సాయంత్రమే డాక్టరమ్మ నన్ను వెంటబెట్టుకుని పెద్దాయన కొట్టుకి వెళ్ళింది. ఆయన పరుపు మీద కూర్చుని రైతులు తెచ్చిన మచ్చుకాయలు చూస్తున్నారు. అందరూ వెళ్ళేదాకా ఆగి, ఎదురుగా కూర్చుని, తిన్నగా చెప్పేసింది. ఊపిరి సగానికి సగం కూడా రావడం లేదని, ఇది నిన్నా మొన్నా వచ్చింది కాదని, హైదరాబాదు వెళ్ళి పెద్ద డాక్టరుకి చూపించుకోవాలని.

ఆయన చేతిలో కాయని విరిచి గింజలు చూశారు. "మిర్చి వ్యాపారంలో దగ్గనివాడు ఎవడమ్మా అనుకునేవాణ్ణి." చేతులు దులుపుకుని, "మా ఆవిడకొచ్చిందీ ఇదేనా?" అన్నారు.

"ఆమెని పరీక్ష చేయలేదు కదండీ. చెప్పలేను."

"ఆవిడ కూడా తొడిమలు తీసిందమ్మా, మా పెళ్ళైన కొత్తలో. నేను ఆ షెడ్డులోనే కాటా దగ్గర గుమాస్తాని. ఆవిడ రాశి దగ్గర. తర్వాతే ఈ కొట్టూ, సొంత షెడ్డూ, కోల్డ్ స్టోరేజీ." తల పైకెత్తి డాక్టరమ్మ వంక చూశారు. "నా డబ్బుతో వచ్చి నాకే ఈ వార్త చెబుతున్నావు."

"అవునండీ."

"మంచిది. వెళ్ళండి."

ఆ 'మంచిది'లో కోపముందో మెప్పుందో మాకు అర్థం కాలేదు.

ఆయన్ని హైదరాబాదు తీసుకెళ్ళారు. ఆ నెల డాక్టరమ్మ జీతం రాలేదు. తర్వాతి నెలా రాలేదు. తమ్ముడుగారిని అడిగితే, "అన్నయ్య తిరిగొచ్చాక చూద్దాం" అన్నారు. సూపరింటెండెంటుగారు మా గది ముందు నుంచి వెళ్ళాల్సి వస్తే చుట్టు తిరిగి వెళ్ళేవారు. మంచాయనే, కానీ ఏం చెప్పాలో తెలియక అలా చేసేవారు. పర్చూరు నుంచి డాక్టరమ్మ నాన్నగారు బస్సులో వచ్చి, మా గదిలో బల్ల మీద కూర్చుని, "ఇదేం ఉద్యోగం తల్లీ, నిజం చెబితే జీతం ఆగిపోయేది?" అన్నారు. ఆవిడ నవ్వింది. పొద్దుట పూట మళ్ళీ కోచింగ్ కాలేజీలో పాఠాలు చెప్పి, మధ్యాహ్నం నుంచి మా దగ్గరకొచ్చి పని చేసేది.

పని చేసేదంటే, పని లేకుండా కూర్చునేది. ఎందుకంటే ఊదడానికి ఆడకూలీలు ఒక్కరూ రాలేదు. పెద్దాయన షెడ్డుకి మిషను తీసుకుని వెళ్ళాం. అక్కడ ముఠాకి ఒక మేస్త్రమ్మ ఉంది. పొడుగాటి మనిషి, షెడ్డు ఆ చివర నుంచి పిలిస్తే ఈ చివర బస్తా కూడా లేచి నిలబడాల్సిందే, అంత గొంతు. మమ్మల్ని వాకిట్లోనే ఆపేసింది.

"ఊదితే దగ్గు బయటపడుద్ది. దగ్గు బయటపడితే పనిలోంచి తీసేస్తారు. మాకెందుకమ్మా మీ మిషను?" అని, నా వైపు తిరిగింది. "నువ్వు మా పిల్లవేగా? మీ అమ్మ కూడా ఈ పనే చేసిందంటగా? నీకు తెలీదా?"

నాకు తెలుసు. మిషను మళ్ళీ పెట్టెలో సర్దేశాను.

పెద్దాయన కొన్ని నెలలకి తిరిగొచ్చారు. ఒక ఉదయం మా గది గుమ్మంలో ఎవరో ఆయాసపడుతున్నట్టు వినిపించి తలెత్తి చూస్తే ఆయనే. గుర్తుపట్టడానికి క్షణం పట్టింది. బట్టల్లో మనిషి లేడు. ముక్కుకి ఆక్సిజన్ గొట్టం. వెనక సిలిండర్ పట్టుకుని తమ్ముడుగారు.

"డాక్టరమ్మ ఏదమ్మా?"

"కాలేజీకి వెళ్ళారండీ, పాఠం చెప్పడానికి."

"పాఠమేంటి?"

"మరి... జీతం రావట్లేదు కదండీ."

ఆయన మెడ తిప్పి తమ్ముడి వంక చూశారు. నేను ఇళ్ళల్లో అరుపులు విన్నాను, తిట్లు విన్నాను. అన్న అలా ఒక్క మాట లేకుండా తమ్ముణ్ణి చూడటం మాత్రం అదే మొదటిసారి. తమ్ముడుగారు సిలిండర్ మీటర్ వంక చూస్తూ నిలబడిపోయారు. "నా కోసం చేశావని తెలుసురా" అన్నారు పెద్దాయన చివరికి. "కానీ ఆ పిల్లని నేను తెచ్చుకున్నది నిజం చెప్పడానికే." ఆ మధ్యాహ్నానికే జీతం మొత్తం వచ్చేసింది.

అదే వారం ఆయన షెడ్డుకి బయల్దేరారు. మమ్మల్ని కూడా రమ్మన్నారు. ఆడవాళ్ళు పనాపి లేచి నిలబడ్డారు. ఆయన ఒక బస్తా మీద కూర్చుని, రెండు మాటలకొకసారి ఊపిరి తీసుకుంటూ మాట్లాడారు.

"మీరు ఊదట్లేదంట. భయపడుతున్నారంట. నేను ఊదానమ్మా, ఫెయిలయ్యాను. చూస్తున్నారుగా. లోపల ఏముందో హైదరాబాదువాళ్ళు కూడా గట్టిగా చెప్పలేదు. కోసి చూస్తేగాని తెలీదన్నారు. బతికుండగా కోస్తే తట్టుకోలేనన్నారు." కొంచెం నవ్వారు. "అందుకని పోయాక చూడమని డాక్టరమ్మకి చెబుతున్నాను. మీరే సాక్షులు. ఏముందో ఆవిడే వచ్చి మీకు చెబుతుంది. అప్పుడు ఆలోచించుకోండి, ఊదాలో వద్దో."

ఆడవాళ్ళు కొంగులు నోటికి అడ్డం పెట్టుకున్నారు. "అయ్యగారూ, అవేం మాటలండీ" అంది మేస్త్రమ్మ. ఆ గొంతు అంత చిన్నగా రావడం నేనెప్పుడూ వినలేదు. అప్పట్లో మా వైపు కళ్ళు దానమివ్వడమే వింత. పోయిన మనిషి ఒళ్ళు చెక్కుచెదరకుండా పంపాలని మా ఇళ్ళల్లోనూ అంటారు, వాళ్ళ ఇళ్ళల్లోనూ అంటారు. డాక్టరమ్మకి ఆయన ముందుగా ఏమీ చెప్పలేదని ఆవిడ ముఖం చూస్తే తెలిసిపోయింది. "అలాగే అన్నయ్యా, అలాగే. ఇప్పుడవన్నీ ఎందుకు, పద" అంటూ తమ్ముడుగారు ఆయన్ని లేవదీశారు.

ఆ ఎండాకాలం పెద్దాయన మా ఆసుపత్రిలోనే పోయారు. పొద్దున్నే పోయారు. మెడికల్ కాలేజీలో పెథాలజీ ప్రొఫెసరుగారు ఒకాయన ఈ పని చేసిపెడతానని ముందే డాక్టరమ్మకి మాటిచ్చారు. కబురు పెడితే పాత స్కూటరు మీద సంచీ వేలాడేసుకుని వచ్చారు. మేం వరండాలో నిలబడ్డాం. తమ్ముడుగారు గదిలోంచి బయటికొచ్చి, మా ముగ్గుర్నీ, ఆ సంచీనీ చూశారు.

"ఆయన ఒంటి మీద కత్తి పెట్టనివ్వను. పోయేదాకా నరకం పడ్డాడు, ఇంకా ఏం చూస్తారు? డబ్బు కావాలంటే ఇస్తాను. ఎంత కావాలంటే అంత. ఇది మాత్రం అడక్కండి."

డాక్టరమ్మ "సరేనండీ" అంది. అంతే.

నేను నిర్ఘాంతపోయాను. వ్యాను ఎక్కించారు, దండలు వేశారు, వ్యాను గేటు దాటి వెళ్ళిపోయింది. "మేడమ్, ఆయనే అందరిముందు చెప్పారు కదా. ఒక్క మాట అడగొచ్చు కదా!" అన్నాను. దాదాపు అరిచాను.

"ఎలా అడగమంటావు? ఇంట్లోవాళ్ళు ఏడుస్తుంటే లాక్కునేది దానమవుతుందా?" అంది. గోడకి ఆనుకుని కళ్ళు మూసుకుంది. ఇన్నాళ్ళ పని ఆ వ్యానులో వెళ్ళిపోయిందని నాకు తెలుసు, ఆవిడకీ తెలుసు. ప్రొఫెసరుగారు క్యాంటీన్లో టీ తాగి స్కూటరు దగ్గరికి వెళ్ళారు. అది ఎంత తన్నినా స్టార్టవలేదు. ప్లగ్గు విప్పి తుడుస్తూ కూర్చున్నారు. ఆ స్కూటరు గనక సరిగా ఉండి ఉంటే ఈ కథ ఇక్కడితో అయిపోయేది.

ఆయన ఇంకా తుడుస్తూ ఉండగానే గేటు దగ్గర హారను వినిపించింది. చూస్తే అదే వ్యాను. దండలతో సహా వెనక్కి వస్తోంది.

ముందు నాకు పిచ్చి ఆలోచన వచ్చింది, పెద్దాయన బతికారేమోనని. సూపరింటెండెంటుగారు చేతిలో ఫైలు జారవిడిచి అలాగే నిలబడిపోయారు. వ్యాను ఆగింది. తమ్ముడుగారు దిగారు. కాళ్ళకి చెప్పులు లేవు. తిన్నగా డాక్టరమ్మ దగ్గరికొచ్చారు.

"ఇంటి ముందు ఆ ఆడవాళ్ళంతా నిలబడి ఉన్నారు, షెడ్డువాళ్ళు. ఏడవడం కూడా లేదు. వ్యాను ఆగగానే ఆ మేస్త్రమ్మ వచ్చి అడిగింది. 'చూశారాండీ? ఏముందంట లోపల?' అని." ముఖం తుడుచుకున్నారు. "చూడలేదన్నాను. ఆవిడ ఏమీ అనలేదు. ఒక్కరూ ఏమీ అనలేదు. పక్కకి తప్పుకుని దారిచ్చారంతే. ఆ దారిలోంచి అన్నయ్యని లోపలికి తీసుకెళ్ళలేకపోయాను మేడమ్. నా వల్ల కాలేదు."

ప్రొఫెసరుగారు చేతులు గుడ్డకి తుడుచుకుని లేచి, సంచీ అందుకున్నారు.

లోపల జరిగింది వర్ణించను. ఆరోగ్యమైన ఊపిరితిత్తి స్పాంజిలా నొక్కితే నొక్కుకుంటుంది. ప్రొఫెసరుగారు బొటనవేలితో నొక్కితే అది కదల్లేదు. నేను సీసా పట్టుకున్నాను. డాక్టరమ్మ కళ్ళవెంట నీళ్ళు మాస్కులోకి కారుతున్నా కదలకుండా నిలబడింది. అంతా అయ్యాక శుభ్రంగా కుట్టి, ఒళ్ళు తుడిచి, తెల్లబట్ట కప్పాం. దండలు మళ్ళీ డాక్టరమ్మే వేసింది.

ఆ తర్వాతి సంగతులు కొన్ని ముందే చెప్పేస్తాను. డాక్టరమ్మ పని ఇంకా కొన్నేళ్ళు మా దగ్గరే సాగింది. అది చూసి ఒక పెద్ద పరిశోధనా సంస్థవాళ్ళు ఆవిడని తీసుకున్నారు. ఇప్పుడు ఆవిడ దగ్గర చదివినవాళ్ళే ప్రొఫెసర్లు. ఆవిడ వెళ్ళాక ఆ ఉద్యోగం ఖాళీగా ఉండకూడదని తమ్ముడుగారు ఇంకొక కుర్రాణ్ణి పెట్టించారు, అతని తర్వాత ఇంకొకమ్మాయిని. గుమ్మం మీద పేరు లేదు. ఫ్యాను మీదా లేదు.

ఇక ఆ షెడ్డు సంగతి. ముక్కలు కోసి, రంగులు వేసి, సూక్ష్మదర్శినిలో చూసి తేల్చడానికి కొన్ని వారాలు పట్టింది. ఇచ్చిన మాట ప్రకారం డాక్టరమ్మ షెడ్డుకి వెళ్ళింది. నేను మిషను పట్టుకెళ్ళాను. తమ్ముడుగారు కూడా వచ్చి ఒక పక్కన నిలబడ్డారు. ఆడవాళ్ళు రాశుల వెనకాలే ఉన్నారు, లేవలేదు.

"పెద్దాయన ఊపిరితిత్తుల్లో కాయల దుమ్ము ఇరుక్కుని ఉంది. దాని చుట్టూ మచ్చలు కట్టి గట్టిపడిపోయింది. ఒక్క రోజులో అయ్యింది కాదు, ఏళ్ళ మీద అయ్యింది. ఇది ఒక్కరి సంగతి. మీ అందరికీ ఇంతేనని నేను చెప్పలేను. మీరు ఊదితే చెప్పగలను."

అప్పుడు మేస్త్రమ్మ లేచింది. డాక్టరమ్మ వైపు కాదు, తమ్ముడుగారి వైపు నడిచింది.

"చిన్నయ్యగారూ, దగ్గున్నట్టు తేలితే పనిలోంచి తీసేస్తారా?"

ఆయన అందరి ముఖాలూ చూశారు. "తియ్యను."

"మాటేనా?"

"మాటే."

ఆవిడ వచ్చి కూర్చుని క్లిప్పు పెట్టించుకుంది. ఊదింది. గీత చివాలున పైకి లేచింది, నాకన్నా బాగా. డాక్టరమ్మ నమ్మలేక మళ్ళీ ఊదించింది. అందరికన్నా ఎక్కువ ఏళ్ళు ఆ షెడ్డులో ఉన్నది ఆవిడే. ఆవిడ ఊపిరి పడుచుపిల్ల ఊపిరిలా ఉంది.

ఆ తర్వాత వరసగా అందరూ వచ్చారు. కొందరివి బాగున్నాయి, కొందరివి లేవు. వయసుకీ దానికీ పొంతన కుదరలేదు. చివర్లో మేస్త్రమ్మ చెల్లెలు ఊదింది. అందరిలోకీ చిన్నది. గీత పెద్దాయన గీతలాగే కాగితం అడుగున పాకింది.

డాక్టరమ్మ ఆ కాగితాల వంక చాలాసేపు చూసి, మేస్త్రమ్మని అడిగింది. "మీరు ఎక్కడ కూర్చుని పని చేస్తారు?"

"వాకిట్లోనమ్మా. వచ్చేపోయేవాళ్ళని చూసుకోవాలిగా."

"మీ చెల్లెలు?"

"అదిగో, ఆ మూల. పడమటి గోడ పక్కన. ఎండ రాదు, చల్లగా ఉంటది. నా చెల్లెలని కావాలనే అక్కడ..."

అక్కడే మాట ఆగిపోయింది. షెడ్డులో ఎవరు మంచివాళ్ళైతే, ఎవరంటే ఇష్టమైతే వాళ్ళకి ఆ మూల ఇచ్చేదట ఆవిడ. గాలి ఆడని మూల. దుమ్మంతా చేరే మూల. ఆవిడ చెల్లెలి వంక చూసింది. తర్వాత నా వంక చూసింది, ఇది అబద్ధమని నేనైనా చెబుతానేమోనన్నట్టు. నా సర్వీసంతటిలో నేను చూసిన ముఖాల్లో మర్చిపోలేనిది అదే.

"ఆ పడమటి గోడ తీసేయిస్తా. రేపే మేస్త్రీలని పిలుస్తా" అన్నారు తమ్ముడుగారు.

మర్నాడు పొద్దున్నే నేనూ డాక్టరమ్మా వెళ్ళేసరికి తమ్ముడుగారూ, గునపాలతో తాపీమేస్త్రీలూ వచ్చి ఉన్నారు. కాయల మీద పట్టాలు కప్పుతున్నారు. చెల్లెలు వాకిట్లో, అక్క పీట మీద కూర్చుని ఉంది. మేస్త్రమ్మ ఎక్కడా కనిపించలేదు. వెతికితే ఆ మూల, గోడకి ఆనుకుని, ఒళ్ళో కాయలు పోసుకుని తొడిమలు తీస్తోంది.

"ఇక్కడెందుకు కూర్చున్నావు? లే ముందు!" అని డాక్టరమ్మ కేకేసింది. ఆవిడ అలా అరవడం నేను ఎప్పుడూ వినలేదు.

మేస్త్రమ్మ తలెత్తలేదు. "గోడ పడేదాకా ఈ మూల ఎవరో ఒకరు కూర్చోవాల్సిందేగా డాక్టరమ్మా" అంది. "ఇన్నాళ్ళూ దాన్ని కూర్చోబెట్టా. ఇవాళ నేను కూర్చుంటా."

తమ్ముడుగారు తాపీమేస్త్రీ చేతిలోంచి గునపం లాక్కుని తనే గోడ వైపు నడిచారు.